మైనం పళ్ళ రోజు

పళ్ళ సెట్టు కట్టించుకునే పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మైనం పళ్ళు పెట్టి చూసే రోజు. గులాబీ రంగు మైనంలో పళ్ళు కూర్చి, నోట్లో పెట్టి, చేతికి అద్దం ఇస్తారు. ఆ రోజు ఏ పన్నయినా జరుగుతుంది, తిరుగుతుంది. ఆ తర్వాత ల్యాబులో మైనం కరిగించి, ఆ చోట అక్రిలిక్ నింపి వేడినీళ్ళలో ఉడికిస్తారు. ఇక పన్ను కదలదు. పెట్టుకోబోయే మనిషి మాట సులువుగా చెల్లే ఆఖరి రోజు అదే.

ఢిల్లీలో మా మునిర్కా డీడీఏ ఫ్లాట్ల తెలుగువాళ్ళలో ఆ రోజున మాట్లాడేది చాలాసార్లు కొడుకో కోడలో. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను డెబ్భై దాటాక ఇక్కడికి తెచ్చుకుంటారు. తెనాలి నుంచో కావలి నుంచో వచ్చిన పెద్దావిడకు హిందీ రాదు. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే కొడుకు జవాబు చెబుతాడు. ఆమె నోరు తెరిచి పడుకుంటుంది, అంతే. నాకు పైన పూర్తి సెట్టు, కింద దవడ ఎముకలో బిగించిన రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టు ఉన్నాయి కాబట్టి ఇరుగుపొరుగు నన్ను తోడు రమ్మంటారు. సంతోషంగా వెళ్తాను.

ఈ పనిలో సగం చేసేది కుర్చీలో కూర్చున్న మనిషే. మొదటి అచ్చును బట్టి ఆ నోటికి సరిపడే ట్రే తయారుచేస్తారు. దాని అంచుకు ఆకుపచ్చ కడ్డీని మంట మీద మెత్తబరిచి అద్ది నోట్లో పెట్టి, పెదాలు ముందుకు చాపండి, నవ్వండి, నాలుక తిప్పండి అంటారు. బుగ్గల కండరాలు కదిలి ఆ అంచును దిద్దుతాయి. ఆపైన లవంగ నూనె వాసన వేసే పేస్టుతో అసలు అచ్చు తీస్తారు. మరోసారి ముక్కు కొన మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి, దవడ వదులుగా ఉన్నప్పుడూ మూసినప్పుడూ దూరం కొలుస్తారు. తేడా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే మాట్లాడుతుంటే పళ్ళు టకటకమంటాయి, దవడ నొప్పి పుడుతుంది. ఎక్కువైతే మూతి లోపలికి పోతుంది. కొలిచేటప్పుడు కుర్చీలోని మనిషి బిగుసుకుని ఉంటే కొలతే తప్పుతుంది. భయపడ్డ మనిషితో ముందు నాలుగు మాటలు మాట్లాడించే డాక్టరు మీదే నాకు గురి.

పళ్ళు పోయాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. కింది దవడ పైదానికంటే దాదాపు నాలుగింతలు అరుగుతుందని పాతికేళ్ళపాటు కొలిచి టాల్‌గ్రెన్ అనే పరిశోధకులు 1972లో ప్రకటించారు. కింది సెట్టు నిలవకపోవడానికి పెద్ద కారణం అదే. 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు కింది దవడకు రెండు ఇంప్లాంట్ల సెట్టునే మొదట సూచించాలన్నారు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1965లో తొలిసారి ఇంప్లాంట్లు పెట్టిన గోస్టా లార్సన్ 2006లో పోయేదాకా వాటితోనే గడిపాడు.

ఇంప్లాంట్లు మంచివని తెలిసి పిల్లలు పట్టుబట్టడం ప్రేమతోనే. కానీ ఎముకలు గుల్లబారినందుకు కొన్ని మందులు వాడుతున్నవారికి పన్ను పీకినా, ఇంప్లాంట్ పెట్టినా దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. షుగరు అదుపులో ఉండాలి. ఇవేవీ అడ్డుకాకపోయినా, "నాకంత ఓపిక లేదు నాయనా, మామూలు సెట్టు చాలు" అని ఒక తల్లి అంటే అదీ జవాబే.

ఒకావిడతో మైనం పళ్ళ రోజున వెళ్ళాను. పళ్ళు తెల్లగా, వరసగా ఉన్నాయి. కొడుకు బాగుందన్నాడు. ఆమె అద్దం దించి నా చెయ్యి పట్టుకుంది. "ముందు రెండు పళ్ళూ కాస్త ఒకదాని మీదొకటి ఉండేవమ్మా నాకు. అలా పెడతారేమో అడుగు." అడిగాను. పాత ఫోటో ఉందా అన్నారు డాక్టరు. కొడుకు ఫోనులో అతని పెళ్ళి ఫోటో దొరికింది. డాక్టరు సన్నటి కత్తిని మంట మీద కాచి, మైనం మెత్తబరిచి, ఒక పన్నును కొంచెం తిప్పారు. తర్వాత అరవై నుంచి లెక్కపెట్టమన్నారు. హిందీలో రాదంటే తెలుగులోనే కానిమ్మన్నారు. అరవై ఒకటి, అరవై రెండు... "వై" అన్నప్పుడల్లా కింది పెదవి పై పళ్ళ అంచుకు తగిలి ఆగుతోంది. తెలుగు రాని ఆయన ఆ పెదవినే చూస్తూ ముందు పళ్ళను ఒక పిసరు పైకి జరిపారు. మళ్ళీ లెక్కపెడితే మాట సాఫీగా వచ్చింది.

సెట్టు వచ్చాక మొదటి వారాల్లో చిగుళ్ళు ఒరుసుకుంటాయి. ఆ నొప్పికి సెట్టు డబ్బాలో దాచేసి ఊరుకునేవాళ్ళు ఎందరో. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు కొన్ని గంటలు పెట్టుకునే ఉండాలి, అప్పుడే ఒరిసిన చోటు ఎర్రగా కనబడి సరిగ్గా అక్కడే అరగదీస్తారు. అన్నం, పప్పుతో మొదలుపెట్టి, ముక్కలు చిన్నవి చేసుకుని, రెండు వైపులా నమలాలి. రాత్రి తీసి నీళ్ళలో వెయ్యాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ వైద్యం జరుగుతుంటే మైనం పళ్ళ రోజుకు పాత ఫోటో ఒకటి పట్టుకెళ్ళండి. భాష రాకపోతే వాళ్ళ మాటను హిందీలో చెప్పండి, జవాబు మాత్రం వాళ్ళనే చెప్పనివ్వండి. నచ్చలేదంటే మళ్ళీ మైనంలో మార్చి చూపమని అడగండి. మంచి డాక్టరెవరూ కాదనరు.