సాదృశ్యము, అభేదము: ‘వెస్ట్‌వరల్డ్’ పాత్రలను గూర్చిన ప్రేక్షకుల ఊహలు

అమెరికాలోని హెచ్.బి.ఓ. సంస్థ 2016 అక్టోబరు 2వ తేదీనుండి ప్రసారము చేసిన ‘వెస్ట్‌వరల్డ్’ అను వైజ్ఞానికకల్పనా ధారావాహిక నాలుగు సీజనులు నడచి 2022లో నిలిచిపోయినది. సీజనులను మేమిచట పర్వములని వ్యవహరింతుము. మైకేల్ క్రైటన్ రచించి దర్శకత్వము వహించిన 1973 నాటి చలనచిత్రము దీనికి మూలము. దానిని ధారావాహికగా పెంచినవారు జోనథన్ నోలన్, లీసా జాయ్ దంపతులు. పది భాగముల ప్రథమపర్వమున నొక విశేషము జరిగినది. రచయితలు పదవ భాగమున, డిసెంబరు 4న, విప్పిన ముడిని ప్రేక్షకులు రెండవ భాగమునుండియే విప్పనారంభించిరి. విలియమ్ అను యువకుడును, నల్లదుస్తుల వృద్ధుడును ఒక్కని జీవితములోని రెండు దశలే యని వారూహించిరి. ఊహ నిజమైనది.

ఇట్టి ఊహలు విమర్శ యనిపించుకొనునా? పొడుపుకథ విప్పుటకును కావ్యమును చదువుటకును సంబంధము లేదని త్రోసివేయువారు గలరు. మేము వారితో ఏకీభవింపజాలము. హేతువును జూపి సాధ్యమును నిరూపించుట ఎవరు చేసినను శాస్త్రమునకు దగ్గఱి పనియే. అయితే ఆ ప్రేక్షకుల పద్ధతిలో నొక లోపమున్నది. దానిని వారి హేతువులలోకంటె వారు కోరిన సాధ్యములో వెదకవలెను.

కథ సంగ్రహముగా నిది. ధనికులు విహరించుటకై యొక విశాలోద్యానము నిర్మింపబడినది. అందు పూర్వపు అమెరికా పశ్చిమసీమ పల్లెలును, మానవాకృతి దాల్చిన యంత్రములును గలవు. ఆ యంత్రములు ప్రతిదినమును ఒకే కథ నడపును. అతిథుల చేత చచ్చినచో వానిని బాగుచేసి, జ్ఞాపకము తుడిచి మరల నిలుపుదురు. వానిలో డొలోరెస్ ఒకతె. తొలిసారి వచ్చిన విలియమ్ తెల్లటోపీని ఎన్నుకొని, ఆమెను ప్రేమించును. ముప్పదియేండ్లుగా వచ్చుచున్న వృద్ధుడు నల్లటోపీ ధరించి ఆమెను హింసించును. ఈ రెండు కథలును ఏకకాలమున జరుగుచున్నట్లు మనకు గన్పట్టును.

ప్రేక్షకులు చూపిన హేతువులన్నియు సమానబలము గలవి కావు. విలియమ్ వచ్చిన ఘట్టములలో ఉద్యానచిహ్నము పాతరూపమున నుండుట మంచి హేతువు. చిహ్నము మాఱినచో కాలము మాఱినదనుటలో వ్యాప్తి కలదు. ప్రథమభాగమున డొలోరెస్ తండ్రికి పొలములో దొరికిన ఛాయాచిత్రము విలియమునకు నిశ్చయింపబడిన వధువుదని తొమ్మిదవ భాగమునగాని తెలియదు. కావున నది ఊహను పుట్టించినది కాదు, బలపఱచినది మాత్రమే. ఇక డొలోరెస్ చేతినుండి జాఱిన డబ్బాను విలియమ్ ఎత్తి యిచ్చుట యున్నది. అదే డబ్బాను టెడ్డీయు నెత్తి యిచ్చును. డబ్బా నెత్తుట అభేదమునకు హేతువైనచో టెడ్డీయు విలియమే కావలెను! అది డొలోరెస్ దినములు ఒక్కతీరున తిరుగుచున్నవని మాత్రమే చెప్పును. ఉద్యాననిర్మాత ఫోర్డును గూడ యంత్రమే యని కొందఱనిరి; ఆ పర్వమున దానికి ఆధారము గన్పట్టదు.

బెర్నార్డు విషయము మఱింత రుచికరము. బెర్నార్డ్ లో అను పేరులోని ఆంగ్లాక్షరములను తాఱుమాఱు చేసినచో, ఎన్నడో మరణించిన ఆర్నాల్డ్ వెబర్ పేరగును. ఇది చిత్రకవిత్వము, తెలుగులిపిలో వ్రాసినచో చెడిపోవును. కాని ఏడవ భాగమున, తన ప్రక్కనున్న స్త్రీ చూపిన ద్వారమును బెర్నార్డు చూడలేకపోవుట యున్నది. అతడు యంత్రమని అక్షరముల వలనను తెలియును, ద్వారము వలనను తెలియును. మొదటిది తెలిసిన వెంటనే మనము చప్పట్లు కొట్టుదుము. రెండవది తెలిసినపుడు అతనిని చూడలేక చూపు మరల్చుకొందుము.

ధ్వని యంతయు అనుమానములోనే అంతర్భవించునని వాదించిన మహిమభట్టునకు ఈ ప్రేక్షకులు తెలియకయే శిష్యులైరి. అనుమానమునకు సాధ్యము సిద్ధించినతోడనే పని ముగియును. రసమట్లు ముగియదు. సూరన ‘కళాపూర్ణోదయము’న మణికంధరుడే కళాపూర్ణుడుగను, కలభాషిణియే మధురలాలసగను పుట్టిరని ముందే తెలిసిన విద్యార్థులకు మేము ఆ కావ్యమును బోధించుచున్నాము, వారి ఆసక్తి తగ్గుటను మే మెఱుగము. నలకూబరరంభల మాయారూపములు గల ఘట్టమున, ఎవరెవరో తెలిసి చదువుటయే ఎక్కువ హాస్యకరము.

ఉపమలో రెండు వస్తువులును రెండుగానే నిలిచియుండును. పోలిక యందలి సౌఖ్యము ఆ భేదము వలననే. ‘వెస్ట్‌వరల్డ్’ ప్రేక్షకులు గన్పట్టిన ప్రతి సాదృశ్యమును అభేదముగా మార్చజూచిరి. మారని సాదృశ్యమును విడిచిపెట్టిరి. అట్లు విడిచినవానిలో ప్రధానమైనది డొలోరెస్, విలియముల పోలిక. ఇద్దఱును ఒకే త్రోవను నడతురు. ఆమె యంత్రము గనుక జ్ఞాపకము ఆమెకు మసకబాఱదు. గతము వర్తమానమంత స్పష్టముగా తిరిగివచ్చును. కావుననే కథలోని కాలవ్యత్యయము రచయితల గారడి యని మేము తలంపము. అది ఆమె స్వభావమునుండి పుట్టినది. అతడు మానవుడు గనుక ముప్పదియేండ్లలో తానెవరో మఱచెను. చివర వృద్ధుని చేత దెబ్బలు తినుచు, విలియమ్ వచ్చి తన్ను రక్షించునని ఆమె యనును. విలియమ్ ఆమె యెదుటనే యున్నాడు. కాళిదాసు దుష్యంతుడు మఱచుటకు శాపమొకటి యడ్డుపడినది. ఇతనికి శాపమేదియు లేదు. ఈ ఘట్టమున రహస్యము ముందు తెలిసిన ప్రేక్షకుడు నష్టపోడు. ఆమె నమ్మిక యెంత వ్యర్థమో ఆమె కంటె ముందే యెఱిగి వినును. కాని తన ఊహ ఫలించినదో లేదో యని వృద్ధుని ముఖమునే చూచువాడు ఆమె ముఖమును చూడడు.

రచయితలును ఈ పందెమునకు లోబడిరని మా యభిప్రాయము. 2018 ఏప్రిలులో, ప్రేక్షకులు కోరినచో ద్వితీయపర్వకథ నంతయు ముందే వెల్లడింతుమని వారు ప్రకటించిరి. తీఱ వచ్చిన దృశ్యములో డొలోరెస్ పాత్రధారిణి ఇవాన్ రేచల్ వుడ్ ఒక పాతపాట పాడినది. ఆ పరిహాసము చక్కనిదే. ద్వితీయపర్వమునందు మాత్రము బెర్నార్డు జ్ఞాపకములు చెదరినవను మిషతో కాలమును మఱింత చిక్కుపఱచుట, ఊహించువారి కందకుండ పరుగెత్తుటవలె నున్నది.

2020 నాటి తృతీయపర్వములో, షార్లెట్ హేల్ దేహమున నున్నదెవరను ప్రశ్న పుట్టినది. అది డొలోరెస్ ప్రతిరూపమే యని నాలుగవ భాగమున తేలినది, ఊహాగానములు ముగిసినవి. అసలు కథ అటుపిమ్మట మొదలైనది. ఆ ప్రతిరూపము హేల్ బిడ్డను సాకుచు, క్రమముగా డొలోరెస్ కాకుండ పోయినది. అభేదమునుండి బయలుదేఱి భేదమును చేరిన ఈ పాత్రనుగూర్చి వ్రాయదగిన దెంతయో యున్నది.