రాతప్రతి సాక్ష్యం: జాన్ విండమ్ పత్రాలు

రచయిత వదిలి వెళ్లిన కాగితాలు విమర్శకు ఏ మేరకు ఉపయోగపడతాయి? ఆంగ్ల సైన్స్ ఫిక్షన్ రచయిత జాన్ విండమ్ (1903–1969) పత్రాలు ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో 'ప్లాన్ ఫర్ కేయాస్' నవల ఒకటి. 'ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్' (1951) రాసిన కాలంలోనే దాదాపుగా దీనినీ రాశాడు. ప్రచురణకర్త దొరకలేదు. రచయిత మరణించిన 40 ఏళ్లకు, 2009లో అచ్చయింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆనాడు అచ్చుకు నోచుకోని నవలలో ఒకే పోలిక గల స్త్రీల మరణాలు, నాజీల కుట్ర, ఎగిరే పళ్లేలు ఒకదానిపై ఒకటి వచ్చిపడతాయి. 'ట్రిఫిడ్స్' నడిచే మొక్కల కథే అయినా, కళ్లకు కట్టుతో ఆసుపత్రి మంచం మీద మేల్కొన్న మనిషితో మొదలవుతుంది. బయట వినిపించవలసిన చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దమే భయపెడుతుంది. వింతలు తగ్గిన చోట విండమ్ బలం పెరిగింది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. రాతప్రతి రచయిత నడిచిన దారిని చూపుతుంది. రచన విలువను నిర్ణయించదు. 'ట్రిఫిడ్స్' గొప్పతనాన్ని ఆ నవల ఆధారంగానే నిరూపించాలి.

అభ్యాసం: రచయిత జీవితకాలంలో అచ్చుకాని రచనను మరణానంతరం ప్రచురించడం సమంజసమేనా? పది వాక్యాల్లో చర్చించండి.