పాఠమునకు వెలకట్టిన పాలకులు

1913వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమందలి న్యూటను పట్టణ పాఠశాలల పాలనాధికారి ఫ్రాంకు స్పాల్డింగు, తన తోడి యధికారుల సభలో నొక లెక్క చదివెను. ఒక విద్యార్థి ఒకమారు తరగతిలో కూర్చుండి నేర్చుకొనుట ఒక పాఠమని యెంచినచో, ఒక డాలరు వ్యయమునకు గ్రీకు భాషలో 5.9 పాఠములును, ఫ్రెంచి భాషలో 23.8 పాఠములును లభించుచున్నవట. కావున వెల తగ్గిననే గాని గ్రీకును ఇక కొనరాదని యాయన తీర్పు.

ఈ వింతవాణిజ్యము బడిలోని కెట్లు ప్రవేశించెనో విచారించిన గ్రంథము రేమండు కాలహాను 1962లో ప్రకటించిన ‘ఎడ్యుకేషన్ అండ్ ది కల్ట్ ఆఫ్ ఎఫిషియన్సీ’. ఫ్రెడెరికు టేలరు 1911లో వెలువరించిన కార్యనిర్వహణశాస్త్రము, కర్మాగారమున ఆలోచన యొకరిది, పని మఱియొకరిది కావలెనని బోధించెను. పత్రికలును వర్తకులును ప్రజాధనము బడులలో వృథయగుచున్నదని దూఱసాగిరి. స్థానిక సభ్యుల దయపై నుద్యోగము నిలుపుకొనవలసిన విద్యాధికారులు ఆ నిందకు వెఱచి, విద్వాంసుల వేషము విడిచి వర్తకుల వేషము ధరించిరని గ్రంథకర్త సిద్ధాంతము.

స్పాల్డింగు చెప్పిన వెలలో నేమున్నది? తరగతిలోని పిల్లల సంఖ్య, గురువు నడపు తరగతుల సంఖ్య, ఆతని జీతము. గ్రీకు చదివిన బాలుని బుద్ధి యెట్లు వికసించెనో అందు కానరాదు. కనుక వెల తగ్గించు మార్గములును మూడే: గదిలో పిల్లలను క్రిక్కిఱియ కూర్చుండబెట్టుట, గురువునకు పని హెచ్చించుట, జీతము తగ్గించుట.

అదే యేట షికాగో విశ్వవిద్యాలయ పండితుడు ఫ్రాంక్లిను బాబిట్టు ఇంకొక యడుగు ముందుకు వేసెను. రైలుపట్టాల కొలతలను ఉక్కు కర్మాగారము గాక రైలుకంపెనీలు నిర్ణయించునట్లు, విద్యాఫలముల కొలతలను సంఘము నిర్ణయింపవలెననియు, మేలైన బోధనపద్ధతిని కనుగొను భారమును గురువులపై నుంచక పైవారే వహింపవలెననియు ఆయన వాదించెను. ఉక్కు మాఱుపలుకదు. శిష్యుడో, నిన్న గ్రహించినది నేడు మఱచును. ఒకనికి తెలిసిన యుపమానము రెండవవానికి పనికిరాదు. ఆ క్షణమున త్రోవ మార్చుకొను నధికారము లేని గురువు, ఒరుల పలుకులు వల్లించువాడగును గాని బోధించువాడు కాడు.

ఇంత మేలు చేసిన గ్రంథమునను లోపమొకటి కలదు. గ్రంథకర్త దృష్టి పాలకులపైననే విశేషముగ నిలిచినందున, వారు భయపీడితులను జాలి పాఠకునకు మిగులును. డేవిడు టయాకు 1974 నాటి ‘ది వన్ బెస్ట్ సిస్టం’ చదివినవారికి, పలువురు పాలకులు ఈ మార్పును కోరి తెచ్చుకొన్నవారని బోధపడును. వేఱు మార్గము నాడే చూపబడినది. 1904లో సెయింట్ లూయిస్ విద్యాసభయందు షికాగో ఉపాధ్యాయిని మార్గరెటు హేలీ, బడిని కర్మాగారముగ మార్చుటను ఖండించి, గురువులు సంఘటితులు కావలెనని పిలిచెను. గురువుల సమాలోచనసభలకు పాలనలో పాలుండవలెనని 1901లోనే వ్రాసిన ఎల్లా ఫ్లాగు యంగు, 1909లో షికాగో బడుల కధిపతి యయ్యెను. ఆ దేశపు మహానగరములలో నట్టి పదవి నధిష్ఠించిన తొలి స్త్రీ యామెయే.

ప్రజాధనము పుచ్చుకొనువారు లెక్క చెప్పనక్కఱలేదా యని కొంద ఱడుగుదురు. చెప్పవలసినదే. వేళకు వచ్చుట, పాఠమునకు సిద్ధపడుట, వెనుకబడిన బాలుని విడువకుండుట, వీనికి గురువు ఉత్తరవాది. కాని యా విచారణ, బోధన మెఱిగినవారు తరగతిలో కూర్చుండి చేయవలసినది. మందుల చీటీ పొడవును బట్టి వైద్యుని చికిత్సను కొలుతుమా?

తెలుగునాట నేడు ‘కార్పొరేటు’ చదువను మాట అనేకుల నోట గౌరవవాచకమై యున్నది. బిడ్డను బడిలో చేర్పించునపుడు మనము ర్యాంకు లెన్ని యని యడుగుదుము. తరగతిలో పిల్ల లెందఱు, గురువులు ఆ బడిలో నెన్నేండ్లు నిలుచుచున్నారు, పాఠమును తమ బుద్ధితో నడపు స్వేచ్ఛ వారికి కలదా యని యడుగము. నాటి యమెరికా పాలకులును పన్ను కట్టు గృహస్థు లడిగిన ప్రశ్నకే యుత్తరము చెప్పిరి. గృహస్థు లడుగు ప్రశ్న మాఱినగాని బడి చెప్పు నుత్తరము మాఱదు.