మచ్చ వేరు, గుంట వేరు

మొటిమల గుర్తులన్నీ ఒకే పూతతో మాయమవుతాయని చెప్పే ప్రకటన ఈ వారం కరీంనగర్‌లో మళ్లీ కనిపించడంతో, ఈ శీర్షిక పాఠకులకు చిరపరిచితమైన అభ్యంతరాన్ని మరోసారి చెప్పక తప్పడం లేదు. రంగు కణాలు అతిగా పనిచేయడం వల్ల ఏర్పడే నల్లమచ్చ, ఎండ నుంచి కాపాడుకుంటే, నెలలు గడిచేకొద్దీ దానంతట అదే పలచబడుతుంది. మొటిమ వాపు లోపలికి దిగి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తును దెబ్బతీసినప్పుడు పడే గుంట మాత్రం అలా పోదు. సన్నగా లోతుకు దిగిన గుంటలో వైద్యులు గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కగా వేస్తారు. అలల్లా పల్లమైన చోట చర్మాన్ని కిందికి లాగిపట్టే పోగులను సూదితో తెంచుతారు, దీనినే సబ్‌సిషన్ అంటారు.

సూది ప్రస్తావన వస్తే ఆదిలాబాద్ గుర్తుకు రావడం సహజం. అక్కడి గోండులకు పచ్చబొట్లు పొడవడంలో ‘తోటి’ అనే తెగ స్త్రీలది తరతరాల నైపుణ్యం. ఆ తెగ పురుషులు గోండుల కథాగాయకులుగా ప్రసిద్ధులు కాగా, ఈ స్త్రీల చేతిపనికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు. సూదిపోటుకు చర్మం కొత్త కొల్లాజెన్‌తో బదులిస్తుందన్న అవగాహన వైద్యంలో చాలా ఆలస్యంగా బలపడింది. రంగు లేకుండా పచ్చబొట్టు సూదితోనే పొడిస్తే గాయపు మచ్చలు మెరుగుపడ్డాయని కెనడా వైద్యులు కమిరాండ్, డూసే 1997లో ప్రకటించారు. సన్నని సూదులతో చర్మాన్ని పొడిచే నేటి మైక్రోనీడ్లింగ్ చికిత్సకు ఆ పరిశీలన ఒక ముఖ్యమైన మెట్టు.

అయినా ఏ సూదీ ముఖాన్ని పూర్తిగా పూర్వస్థితికి తేలేదు. పైగా చామనఛాయ చర్మంపై ఘాటైన ఆమ్లాలు, లేజర్లు కొత్త నలుపును మిగల్చవచ్చు. గుంట పడకముందే వాపును అదుపు చేయడమే అసలైన చికిత్స. ముఖంలో ఒక సగానికి అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన మందును, మరో సగానికి మందులేని పూతను 24 వారాల పాటు రాసి చూసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది; మందు రాసిన వైపు గుంటల సంఖ్య తగ్గగా, రెండో వైపు పెరిగింది. పూతల మీద అభ్యంతరంతో మొదలైన ఈ విచారణ చివరకు ఒక పూత దగ్గరికే చేరింది.

కానీ అది స్టెరాయిడ్ పూత కాదు. 14 రకాల స్టెరాయిడ్ పూతలను డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం 2018లోనే నిర్దేశించింది. అవి ముఖాన్ని నాలుగు రోజులు తెల్లగా చూపి, తర్వాత చర్మాన్ని పలచబరచి, మొటిమలను పెంచుతాయి. మొటిమలు మానకుండా సలుపుతున్న పిల్లలను తల్లిదండ్రులు మందుల దుకాణానికి కాక, ఆదిలాబాద్ రిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగానికి, గుంటలు పడకముందే తీసుకువెళ్లాలి.