ఎవరి పేరు చెబుతావు?

ఆటకోసం క్షుద్రమంత్రం తయారుచెయ్యడానికి కూర్చున్నవాళ్ళు చాలామంది మొదట చేసే పని మంట రంగు మార్చడం. మామూలు మంత్రగాడి నిప్పుబంతి ఎర్రగా ఉంటుంది, పిశాచాన్ని కొలిచేవాడిది ఆకుపచ్చగా ఉంటుంది. చుట్టూ నాలుగు పుర్రెలు, కాస్త గంధకం వాసన. దెబ్బ లెక్క మాత్రం అదే, వేసే పాచికలూ అన్నే. అలాంటి మంత్రం వాడిన ఆటగాడికి తన పాత్ర చెయ్యకూడని పని చేసిందని ఒక్క క్షణం కూడా అనిపించదు. అనిపించనప్పుడు దాన్ని క్షుద్రమని పిలవడం నాకు ఒప్పుదల కాదు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్ ఎప్పుడూ చూడనివాళ్ళకు రెండు మాటలు. నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకుంటారు. గేమ్ మాస్టర్ మిగతా లోకమంతా తానే అవుతాడు. పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు, ఆ పని అయిందో లేదో పాచిక చెబుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అమెరికాలో తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలు అచ్చులోకి వచ్చాయి. అందులో మంత్రాన్ని ముందు కంఠస్థం చెయ్యాలి, వాడగానే మరిచిపోతారు, మర్నాడు మళ్ళీ కంఠస్థం. జాక్ వాన్స్ అనే రచయిత కథల నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. ఆడటానికి సుఖంగా ఉంటుంది. కానీ ఆ పద్ధతిలో మంత్రం వాడినవాడు పోగొట్టుకునేది ఒక్క మంత్రమే, అదీ మర్నాటిదాకే.

1980లలో ఈ ఆట పిల్లలకు నిజంగా క్షుద్రపూజలు నేర్పుతోందని అమెరికాలో పెద్ద గొడవ జరిగింది. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఆ ఉద్యమానికి ముందు నిలబడింది. 1989లో వచ్చిన రెండో ఎడిషన్ నుంచి ప్రచురణకర్తలు పిశాచాలకున్న పాత పేర్లు తీసేశారు. ఆ తల్లి దుఃఖాన్ని నేను తక్కువ చెయ్యను. నా దిగులు వేరు: పేర్లు తీసెయ్యడం తేలికైపోయిందంటే, ఆ పిశాచాలు ఆటలో చేస్తున్న పని కూడా అంతంతమాత్రమేనన్నమాట.

ఆ పని సరిగ్గా చేయించిన ఆటలు ఉన్నాయి. శాండీ పీటర్సన్ 1981లో తెచ్చిన కాల్ ఆఫ్ క్థుల్హూలో పాత గ్రంథాలు చదివినకొద్దీ మంత్రాలు పట్టుబడతాయి, చదివినకొద్దీ మతిస్థిమితం తగ్గుతుంది. స్థిమితానికి పై హద్దు 99. రహస్యజ్ఞానం ఎంత పెరిగితే ఆ హద్దు అంత దిగుతుంది. రాన్ ఎడ్వర్డ్స్ రాసిన సోర్సరర్‌లో పిశాచం తనకంటూ ఒక అవసరం, ఒక కోరిక ఉన్న పాత్ర. దాన్ని పిలిచినవాడు దానితో కాపురం చెయ్యాలి. అతని మానుషం ఒక అంకె. అది సున్నాకి దిగితే ఆ పాత్ర ఇక ఆటగాడిది కాదు. మానుషం అంటే ఏమిటో ఆటకు ముందే బల్ల దగ్గరివాళ్ళంతా మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఇన్ని నియమాల పుస్తకాలు చదివాను గానీ, ఇంత ధైర్యమైన నియమం తక్కువగా చూశాను.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 1991 నాటి డార్క్ సన్. అథాస్ అనే ఎండిపోయిన లోకం. అక్కడ మంత్రానికి శక్తి చెట్టూచేమల ప్రాణంలోంచి వస్తుంది. ఓపిగ్గా, నేల తట్టుకునేంతే తీసుకునేవాళ్ళు ఒక రకం. లాగేసుకునేవాళ్ళు డిఫైలర్లు. వాళ్ళ కాళ్ళ చుట్టూ గడ్డి బూడిదైపోతుంది, ఆ నేల గొడ్డుపోతుంది. వాళ్ళకి విద్య కూడా తొందరగా పట్టుబడుతుంది. లోకం ఎడారైంది వాళ్ళవల్లే. మిగతా ఆటల్లో మంత్రగాడు తన ఒళ్ళో, తన మతో పోగొట్టుకుంటాడు. ఇక్కడ పోయేది ఊరందరి నేల.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడికి కోరికలు తీర్చే ప్రతిమ కావాలి. అందుకు సాహసవంతుడైన కుర్రవాణ్ణి బలివ్వాలి. కోరిక తనది, మెడ ఇంకొకడిది. క్షుద్రమంతా అక్కడుంది. తన రక్తం ధారపోసి మంత్రం వేసేవాణ్ణి చూస్తే ఆటగాళ్ళకు జాలి పుడుతుంది, కొన్నిసార్లు గౌరవం కూడా. ఇంకొకరి రక్తం ఖర్చుపెట్టడానికి ఒప్పుకున్ననాడే మనిషి చెడిపోవడం మొదలవుతుంది.

అందుకే పాపం లెక్కని పాచికకు వదిలెయ్యడం నాకు నచ్చదు. 2012 నాటి డంజియన్ క్రాల్ క్లాసిక్స్‌లో మంత్రం వేస్తూ ఒకటి పడితే శరీరం వికారంగా మారే ప్రమాదం ఉంది. దానికి పట్టికలున్నాయి, చదవడానికి భలేగా ఉంటాయి. కానీ పాచిక తెచ్చిపెట్టినది దురదృష్టం. ఆటగాడు దాన్ని కోరుకోలేదు. జాన్ హార్పర్ బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో పాచిక వెయ్యకముందే బేరం పెట్టే పద్ధతి ఉంది: ఇంకో పాచిక ఇస్తాను, ఫలానా కీడు మాత్రం జరిగి తీరుతుంది, సరేనా? నెగ్గినా ఓడినా ఆ కీడు తప్పదు. సరే అన్నది ఆటగాడి నోరే కాబట్టి తర్వాత ఎవరినీ నిందించలేడు.

పట్టికల్లో నాకు ఇంకో అభ్యంతరం ఉంది. చెడ్డవాడికి గూని వస్తుంది, చర్మం పొలుసులు కడుతుంది, కాలు వంకరపోతుంది. నాతో ఆడేవాళ్ళలో అలాంటి కాలుతో పుట్టినవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళ శరీరాన్ని పాపఫలంగా నా చేత్తో రాయలేను. అలాగే ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మను మంత్రగత్తెగా కూడా పెట్టను. చేతబడి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ మన పేపర్లలో వస్తున్నాయి. ఆ అనుమానాన్ని నా ఆట నిజం చేసి చూపించకూడదు. నా లోకంలో పిశాచంతో బేరం కుదుర్చుకునేవాడు అధికారం ఉన్నవాడు, లేదంటే ఏ దారీ మిగలని మంచివాడు. ఎక్కువసార్లు ఆ మంచివాళ్ళు ఆటగాళ్ళే.

ఇప్పుడు నేను ఆడిస్తున్న మంత్రం పేరు ‘బదులు ప్రాణం’. అది వైద్యమంత్రం. నాశనం చేసే శక్తి చూపించి ఆశపెడితే దురాశపరుడు ఒక్కడే లొంగుతాడు. స్నేహితుడి ప్రాణం నిలబెడతానంటే అందరూ లొంగుతారు. తోటి పాత్ర చావు అంచున ఉన్నప్పుడు పిశాచం వస్తుంది. పాచిక అక్కర్లేదు. మంత్రం ఎప్పుడూ తప్పదు, గాయం మచ్చయినా మిగలదు. దానికి బదులుగా, మంత్రం వేసే ఆటగాడు ఆ లోకంలో తనకు తెలిసిన ఒక మనిషి పేరు తన నోటితో పైకి చెప్పాలి. గాయం ఆ మనిషికి పోతుంది.

మొదటిసారి శత్రువు పేరు చెప్పినా పిశాచం ఒప్పుకుంటుంది. మొదటి బేరం చవగ్గా ఉండాలి, న్యాయంగా కూడా అనిపించాలి. రెండోసారి తమకు అన్నం పెట్టినవాళ్ళ పేరో, దారి చూపినవాళ్ళ పేరో అడుగుతుంది. మూడోసారి ఇంకా దగ్గరివాళ్ళది. తన పేరే చెప్పుకుంటానంటే కుదరదు. ఈ నియమం మీద ఆటగాళ్ళు నాతో గట్టిగా వాదించారు, అయినా మార్చలేదు. త్యాగం ఇక్కడ తప్పించుకునే దారి. ఆ దారి తెరిచి ఉంచితే ప్రతి వీరుడూ అందులోంచే వెళ్ళిపోతాడు, బేరం జరగదు.

ఇది పనిచెయ్యాలంటే మంత్రం కంటే ముందు ఊరు రాసుకోవాలి. నా సమయంలో ఎక్కువ భాగం పడవవాడికీ, సత్రం నడిపే ఆమెకూ, గుర్రాలకు నాడాలు కొట్టే కుర్రాడికీ పోతుంది. పడవవాడి కూతురి పెళ్ళి ఎప్పుడు, సత్రంలో చారు ఎలా ఉంటుంది, కుర్రాడు ఏ పాత్రను చూసి తానూ అలా కావాలనుకుంటున్నాడు. వీళ్ళతో ఆటగాళ్ళు నవ్వుతూ గడిపిన సాయంత్రాలు లేకపోతే పేరు చెప్పడానికి ఎవరికీ నోరు పడిపోదు. క్షుద్రం రాసేవాళ్ళు పిశాచం మీద నాలుగు పేజీలు, పడవవాడి మీద ఒక వాక్యం రాస్తారు. నేను దాన్ని తిరగేయమంటాను.

ఇంత బరువైన సంగతి బల్ల మీద పెట్టినప్పుడు పక్కన ఎక్స్-కార్డ్ కూడా పెడతాను. జాన్ స్టావ్రొపౌలోస్ అందరి వాడకానికీ ఇచ్చిన పద్ధతి అది. ఎవరైనా ఆ కార్డు ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో ఆగుతుంది, కారణం అడగం. అది ఉన్నందుకే ఇంకాస్త లోతుకు దిగగలుగుతున్నాం.

ఇప్పుడు తిరిగొచ్చే దారి రాస్తున్నాను. ప్రాయశ్చిత్తమంటే చాలా ఆటల్లో ఓ యాత్ర, కొంత బంగారం, గుళ్ళో ఓ పూజ, అంకె మళ్ళీ పైకి. నా చిత్తుప్రతిలో ఒక్కటే ఉంది. ఎవరి పేరు చెప్పారో ఆ మనిషి దగ్గరికి, అతను చచ్చిపోతే అతని వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏం జరిగిందో తన నోటితోనే చెప్పాలి. వాళ్ళు క్షమిస్తారో లేదో నేను ముందుగా నిర్ణయించుకోను, పాచికా వెయ్యనివ్వను. ఆ ఇంటివాళ్ళుగా గేమ్ మాస్టర్ బదులు తోటి ఆటగాళ్ళే కూర్చుని మాట్లాడితే ఎలా ఉంటుందో వచ్చే ఆటలో చూడాలి.