నాలుగు తీగల మీద రాక్

1879లో మదీరా దీవి నుంచి హవాయి చేరిన పోర్చుగీసు వడ్రంగుల చేతుల్లో రూపుదిద్దుకున్న బుల్లి వాద్యం యుకులేలే. దాని మీద రాక్ వాయిస్తానంటే నవ్వేవాళ్లే ఎక్కువ. పని తెలిసిన వాద్యాల మేస్త్రీ మాత్రం నవ్వడు. "తీగలు నైలానా, స్టీలా?" అని అడుగుతాడు. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

నైలాన్ తీగలకు ఎలక్ట్రిక్ గిటార్‌లో ఉండే అయస్కాంత పికప్ పలకదు. బ్రిడ్జి దగ్గర, కంపనాన్ని పట్టే పియెజో పికప్ పెట్టాలి. పైగా ఒళ్లు బోలుదైతే, ఆంప్‌లో డిస్టార్షన్ పెంచగానే పెట్టె తనంతట తనే కంపించి ఊళపెడుతుంది. రాక్‌కి గట్టి చెక్క ఒళ్లు, స్టీలు తీగలు, అయస్కాంత పికప్ ఉండాల్సిందే. నైలాన్ స్వరం ఇట్టే ఆరిపోతుంది, స్టీలు స్వరం సాగుతుంది. సోలోకి ఆ సాగుడే ప్రాణం.

సైజంటారా, నా ఓటు టెనర్‌కే. సొప్రానో మీద తీగ లాగబోతే వేళ్లకు చోటే చాలదు.

ఇక మేస్త్రీ చేతులు చూడాలి. మెడ అంచున బొటనవేలు జార్చి ఫ్రెట్ కొసలు గీరుకుంటున్నాయేమో చూస్తాడు. పన్నెండో ఫ్రెట్ నొక్కి మీటుతాడు; ఖాళీ తీగకు సరిగ్గా పైస్థాయి పలక్కపోతే శాడిల్‌ను వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతాడు. నాలుగు తీగలకీ ఇదే తంతు, విసుగన్నది లేకుండా. ఆ తర్వాత వాల్యూమ్ ఎంత పెట్టాలో పొరుగింటివాళ్లే తేలుస్తారు.