పొయ్యి మీద పడ్డ నేరం

చమురు ప్రపంచాన్ని ఇంతగా మార్చినా దాని గురించి చెప్పుకోదగ్గ నవలలు దాదాపు రాలేదని అమితావ్ ఘోష్ 1992లో ‘పెట్రోఫిక్షన్’ అనే వ్యాసంలో అన్నారు. ఈమధ్య కోదాడలో స్త్రీల రచనా శిబిరానికి వెళ్తున్నప్పుడు నా మనసులో ఆ మాటే ఉంది. సూర్యాపేట, మిర్యాలగూడ నుంచి కూడా రచయిత్రులు వచ్చారు. మా వైపు చమురు బావులు లేవు. మేళ్ళచెరువు, మఠంపల్లి పక్కన సున్నపురాయి గనులూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. తవ్వకం గురించి ఎలా రాస్తున్నామో చూద్దామని కోనసీమ నుంచి మొదలుపెట్టాను.

చదవడానికి కథ ఇవ్వలేదు, వార్తలు ఇచ్చాను. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. చాలా వార్తల్లో కథ ఒక టీ కొట్టు దగ్గర మొదలవుతుంది. పొయ్యి వెలిగించారు, మంట లేచింది. అప్పటికే ఊరిని కమ్ముకుని ఉన్న గ్యాసు ఆ వాక్యాల్లో కర్త కాలేదు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని తర్వాత విచారణలో బయటపడింది. అయినా జ్ఞాపకంలో పొయ్యే మిగిలింది. ఏం జరిగినా ముందు పొయ్యి దగ్గరున్న మనిషినే నిలదీయడం మనకేమన్నా కొత్తా?

పాశర్లపూడి సంగతీ అంతే. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావిలో లేచిన మంట 65 రోజులు మండింది. ఎవరిని అడిగినా మంట ఎంత ఎత్తు లేచిందో చెబుతారు. ఊళ్ళు ఖాళీ చేస్తున్నప్పుడు బాలింతలు ఎక్కడ తలదాచుకున్నారో, పాడి గేదెల్ని ఎవరు చూశారో చెప్పరు.

ఇక శిబిరంలో వచ్చిన రచనలు. దాదాపు అన్నిట్లోనూ నేలతల్లి గర్భాన్ని చీల్చారు. నాకు ఇబ్బందిగా అనిపించింది. నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం నిండా ఈ పోలికనే మెచ్చుకున్నాను మరి! నేలని తల్లి అన్నాక ఆమె భరిస్తుంది, మనం ఏడుస్తాం. ఆ నేల పట్టా ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్న పక్కకి పోతుంది. పరిహారం వచ్చేది పట్టాదారుకే కదా.

గని పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామె అరపేజీ మాత్రం రాసింది. బ్లాస్టింగ్ వేళకి మనవడి ఉయ్యాలని గోడకి దూరంగా జరుపుతుంది. ఎండబెట్టిన మిరపకాయల మీద పాతచీర కప్పుతుంది. కడిగి పెట్టిన బిందెనే నీళ్ళు పట్టేముందు మళ్ళీ కడుగుతుంది. చివర్లో, “భూమి మా ఆయన పేరు మీదుండె, పైసలు ఆయనకొచ్చినయ్, దుమ్ము నాకొచ్చింది” అని రాసింది. తల్లీ లేదు, గర్భమూ లేదు.

ఇది కవిత కాదు, పనుల జాబితా అన్నారు ఒకరు. చాలాసేపు వాదించాను. శిబిరం సంకలనంలో దాన్నే మొదట వేయాలని పట్టుబట్టాను, ఒప్పుకున్నారు. మొన్న ప్రూఫులు వచ్చాయి. దానికి ‘నేలతల్లి’ అని శీర్షిక పెట్టారు. మార్చమని ఉత్తరం రాశాను.